ఇంటిపేరు ఉన్నవాళ్లు మాత్రమే

జగిత్యాల జనానికి నరేశ్‌తో పనిపడడానికి ఒక ఉద్యమం కావాల్సి వచ్చింది. అంతవరకు అతను రుద్రంగిలో కల్లుకు తాళ్లెక్కే గంగయ్య కొడుకు, ఇంజనీరింగు చదివి ఖాళీగా తిరిగే మనిషి, అంతే. హైదరాబాదులో ఆరు నెలలు ఏదో కోర్సు నేర్చుకుని, సకల జనుల సమ్మె మొదలుకాగానే బట్టలు సంచిలో కుక్కుకుని వచ్చేశాడు. సమ్మె అయిపోయాక జగిత్యాలలో ఒక ఫొటో స్టూడియో పైన గది తీసుకుని, హాల్‌టికెట్లు తీసిస్తూ, దరఖాస్తులు నింపిపెడుతూ రోజులు నెట్టుకొస్తున్నాడు. "మీ పోరడు కంప్యూటర్ల ఏం జేస్తడే?" అని ఎవరైనా అడిగితే గంగయ్య కాసేపు ఆలోచించి, "ఏమో, నొక్కుతడు" అనేవాడు.

రెండు వేల పన్నెండు ఫిబ్రవరి నాటి మాట ఇది. నలభై రెండు రోజుల సమ్మె ముగిసి మూడు నెలలు దాటింది. తెలంగాణ రాలేదు. కేసులు మాత్రం వచ్చాయి. రోడ్డు మీద కూర్చున్నందుకు కేసు, రోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకు తిన్నందుకు కేసు, బస్సుకు అడ్డం పడుకున్నందుకు కేసు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఎంతమంది మీద ఉన్నాయో రాసినవాళ్లకే సరిగ్గా తెలియదు. అలాంటప్పుడు కేసులు ఎత్తేస్తారట, పేర్లు పంపమన్నారట అనే మాట ఒకటి పైనుంచి జారి కిందపడింది. పడిందే తడవు ఊరికో జాబితా పుట్టింది. ఏ రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి కలవలేదు.

సిరిసిల్ల కోర్టులో వాదించే సారయ్య వకీలు ఈ గందరగోళం చూసి తలపట్టుకుని, హైదరాబాదులో చదివే పిల్లలకు చెప్పి ఒక ఫారం తయారు చేయించాడు. ఊరూరా ఉద్యమంలో తిరిగినవాళ్లు ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చుకుని, నెట్ సెంటర్లో కూర్చుని, అందులో ఉన్నది ఉన్నట్టు ఆ ఫారంలో నింపాలి. నింపినవన్నీ ఒకే ఫైలులోకి చేరతాయి. ఆ ఫైలులోంచి పేర్లు తీసి శుభ్రమైన జాబితా ఇవ్వడం నరేశ్ పని. జీవితంలో మొదటిసారి నేర్చుకున్న చదువు ఊరికి పనికొచ్చిందని అతను పొంగిపోయాడు. పొంగిపోయే హక్కు అప్పటికి అతనికి ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఆదిల్.

ఆదిల్‌ది కోరుట్ల. వెల్డింగు షాపు మహమూద్ కొడుకు. నాలుగైదేళ్లు షాపులో పనిచేసి ఆలస్యంగా చదువుకొచ్చాడు. జగిత్యాలలో ఇంటర్ చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకటే గది. ఆదిల్ చదువు మధ్యలో వదిలేసి లారీ ఎక్కాడు. నరేశ్ చదువుకుంటూ పోయాడు. సావాసం మాత్రం ఎక్కడికీ పోలేదు. కోరుట్లకు వెళితే నరేశ్ తిండి ఆ ఇంట్లోనే. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. సమ్మెలో కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు నాలుగు వందల మందికి బగారన్నం వండింది ఆదిల్. పోలీసులు లాఠీలతో వచ్చినప్పుడు ఇద్దరూ పక్కపక్కనే దొరికారు. ఒకే వ్యానులో ఎక్కారు. ఒకే ఎఫ్ఐఆర్‌లో నరేశ్ పదకొండోవాడు, ఆదిల్ పన్నెండోవాడు.

ఇప్పుడు ఆదిల్‌కు వేములవాడ బస్సు డిపోలో డ్రైవరు ఉద్యోగం వచ్చేలా ఉంది. పరీక్ష పాసయ్యాడు, బండి నడిపి చూపించాడు, కంటి పరీక్ష అయింది. మిగిలింది ఒక్క కాగితం. తన మీద ఏ కేసూ లేదని ఠాణా నుంచి తేవాలి. ఏప్రిల్ పదో తారీఖు గడువు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇది తప్పితే ఇక లేదు.

"బస్సులు ఆపినోనికి బస్సే చేతికిస్తున్నరు సూడు," అని ఆదిల్ ఫోనులో నవ్వాడు. "ఏడేండ్లు షోలాపూర్ రోడ్డు మీదనే బతికిన యార్. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చే నౌకరి గిదొక్కటే. నా పేరు జర మంచిగ చూడు."

"నా పక్కనే ఉంటది గదరా నీ పేరు. రంది పెట్టుకోకు," అన్నాడు నరేశ్.

ఆ ఫైలును మామూలు మనిషి తెరిచి చూస్తే కళ్లు తిరుగుతాయి. పట్టికలో ఉన్నట్టు గళ్లూ వరసలూ ఉండవు. ఒకదాని కడుపులో ఇంకొకటి ఉంటుంది. అన్నిటికన్నా బయట ఠాణాలు. ఒక్కో ఠాణా లోపల కేసులు. ఒక్కో కేసు లోపల తేదీ, సెక్షన్లు, సాక్షులు, నిందితులు. ఒక్కో నిందితుడి లోపల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, వయసు. జేసన్ అంటారు ఈ అమరికను. అంత లోతు నుంచి మనకు కావాల్సింది పైకి రావాలంటే దానికి దారి రాసివ్వాలి. ఎక్కడ బయల్దేరాలి, ఏ గడప దాటాలి, లోపలున్న అందరినీ తేవాలా కొందరినే తేవాలా, అన్నీ ఒక్క వరసలో చెప్పాలి. నరేశ్ మొదట రాసిన దారి ఇది:

$.thanalu[*].kesulu[*].ninditulu[*]

డాలరు గుర్తు ఫైలు మొదలు. చుక్క కనిపిస్తే లోపలికి పోవాలి. నక్షత్రం ఉన్నచోట ఎంతమంది ఉంటే అంతమందినీ తేవాలి. అన్ని ఠాణాల్లో, అన్ని కేసుల్లో, అందరు నిందితులు. ఆ దారి సరైన దారి. దానికి ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉంటే ఈ కథే లేదు.

మరునాడు సారయ్య వకీలు ఫోను చేశాడు. ఆయనకు నమూనాగా పంపిన రెండు పేజీల్లో గంగయ్యలే ఆరుగురు ఉన్నారట.

"గిట్ల ఇస్తె లాభం లేదు తమ్మీ. ఏ గంగయ్య ఎవలో పై ఆఫీసోళ్లకు ఎట్ల తెలుస్తది? ఒక్కని కేసు ఎత్తేసి ఇంకొకని మీద పెడ్తరు. ఇంటిపేరుతోని ఇయ్యి. ఇంటిపేరు లేని అధూర ఫారాలు పక్కకు పెట్టు, ఫోన్లు జేసి నింపుదం."

"అట్లనే వకీల్ సాబ్."

వకీలు అన్నదాంట్లో తప్పు లేదు. ఒకే పేరున్నవాళ్లు ఊరికి పదిమంది ఉండే చోట ఇంటిపేరు అడగడం ఎవరైనా చేసేదే. నరేశ్ దారి చివర ఉన్న నక్షత్రాన్ని తీసేసి, దాని చోట ఒక షరతు పెట్టాడు.

$.thanalu[*].kesulu[*].ninditulu[?(@.intiperu)]

నిందితుల్లో ఇంటిపేరు ఉన్నవాళ్లను మాత్రమే తే, అని దీని అర్థం. నొక్కాడు. రెండు వందల అరవై తొమ్మిది పేర్లు వరసగా వచ్చి పడ్డాయి. ముత్యాల్లా ఉన్నాయి. అంతకుముందు వచ్చినవి మూడు వందల పన్నెండు. తగ్గిన నలభై మూడూ సగం నింపి వదిలేసిన అధూర ఫారాలై ఉంటాయి, రేపు చూడొచ్చు అనుకున్నాడు.

ఇలాంటి దారికి ఒక గుణం ఉంది. దొరికినవాళ్లను తెచ్చి ముందు పోస్తుంది. దొరకనివాళ్ల గురించి నోరు మెదపదు. తప్పు జరిగిందనదు, ఎర్రక్షరాలు చూపించదు, ఇంతమంది బయట నిలబడి ఉన్నారు చూసుకో అని చెప్పదు. వకీలు పక్కకు పెట్టమన్నాడు. అది ఎవరినీ ఏ పక్కకూ పెట్టలేదు. వదిలేసింది.

రేపు చూద్దామనుకున్న ఆ రేపు పొద్దున్నే రాజలింగం మోటారుసైకిలు మీద దిగాడు. బీడీ ఆకు వ్యాపారం చేసే రాజలింగం ఉద్యమ సంఘానికి కన్వీనరు. మైకు దొరికితే వదలడు. మెడలో గులాబీ కండువా, నుదుట చెమట. "ఏమాయె నరేశూ? ఆఫీసుల పెద్దమనిషి రేపటి నుంచి లీవట. గియ్యాల్నే ఇయ్యాలె," అని గుమ్మంలోనే నిలబడ్డాడు. నరేశ్ ప్రింటు తీశాడు. ఒకసారి కళ్లతో తిరగేశాడు. మూడో పేజీలో షేక్ దానిష్ అని వేములవాడ అబ్బాయి పేరు కనిపించింది. ఏడో పేజీ అడుగున తన పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. దాని తర్వాతి పేరు పక్క పేజీలో ఉండాలి. పేజీ తిప్పలేదు. పిన్ను కొట్టి ఇచ్చేశాడు.

సాయంత్రం ఆదిల్‌కు ఫోను చేసి, "నీ పేరు పైకి పోయిందిరా," అన్నాడు.

మార్చి ఆఖర్లో ఉత్తర్వు వచ్చింది. రెండు వందల అరవై తొమ్మిది మంది మీద కేసులు ఎత్తేశారు. జగిత్యాల టవర్ దగ్గర టపాకాయలు కాల్చారు. రాజలింగం తనకు వేసిన దండలు మెడలో పట్టక చేతికి కూడా చుట్టుకున్నాడు. రుద్రంగిలో గంగయ్య దోస్తులకు కల్లు పోయించి, "నొక్కుతడంటి గద, గిదే నొక్కింది," అని కొడుకు గురించి చెప్పుకున్నాడట. నరేశ్ కూడా మిఠాయి తిన్నాడు. ఆ తీపి రెండు రోజులే నిలిచింది.

మూడో రోజు ఆదిల్ ఫోను చేశాడు. గొంతులో నవ్వు లేదు.

"ఠాణకు పోయిన. నా పేరు లేదంటున్నరు. నీది ఉన్నదట. మా కేసుల ఇరవై మంది పేర్లు ఉన్నయట. నాది లేదు, యాకూబ్ పాషాది లేదు, జహీర్‌ది లేదు. గిదేంది నరేశూ?"

"చూసి చెప్తరా. ఏదో పొరపాటయింది."

ఫోను పెట్టేసి ఫైలు తెరిచాడు. దారీ గీరీ లేకుండా మొత్తం ఫైలులో ఆదిల్ అని వెతికాడు. ఉన్నాడు. తన కిందనే ఉన్నాడు. పేరు మహమ్మద్ ఆదిల్, తండ్రి మహమూద్, ఊరు కోరుట్ల, వయసు ముప్పై. ఇంటిపేరు అనే మాటే అక్కడ లేదు. ఖాళీగా వదిలితే ఆ ఫారం దాన్ని అసలు రాసుకోదు.

నరేశ్ షరతును తిరగేసి, ఇంటిపేరు లేనివాళ్లను తెమ్మని రాశాడు. నలభై మూడు పేర్లు వచ్చాయి. యాకూబ్ పాషా. జహీరుద్దీన్. సయ్యద్ మునీర్. రిలే దీక్షలో తొమ్మిది రోజులు కూర్చున్న బీడీల కహకషాన్. పక్కకు పెట్టాల్సిన అధూర ఫారాలు ఇవే. ముగ్గురు మాత్రం చందుర్తి మండలంలో ఒకే ఊరివాళ్లు, అక్కడ ఫారం నింపినవాడి బద్ధకం. మిగిలిన నలభై మందీ తురకోళ్లు. వాళ్లకు ఇంటిపేరు ఉండదు. ఏదో ఒకటి రాయాలి కదా అని వేములవాడలో నింపినవాడు షేక్ అనే ముక్కను ఆ గడిలో పడేశాడు కాబట్టి దానిష్ బతికిపోయాడు. ఆ ఒక్క పేరు చూసే నరేశ్ కళ్లు తృప్తిపడ్డాయి.

తెలియదా? తెలుసు. ఆదిల్ వాళ్ల ఇంటిపేరేమిటని ఎవరైనా అడిగితే, వాళ్లకు ఉండదు అని తడుముకోకుండా చెప్పేవాడు. ఆ షరతు రాసే నిమిషంలో గుర్తుకు రాలేదు, అంతే. కావాలని చేసినవాడికైనా ఒక కారణం ఉంటుంది. ఇతనికి చెప్పుకోవడానికి అది కూడా లేదు.

ఏప్రిల్ పదికి ఇంకా పదకొండు రోజులున్నాయి. నలభై మూడు పేర్లూ ప్రింటు తీసుకుని నరేశ్ సిరిసిల్ల బస్సెక్కాడు.

సారయ్య వకీలు ఆఫీసు సాంచాల మధ్య ఉంటుంది. మరమగ్గాల చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ ఆయనకు గట్టిగా మాట్లాడడం అలవాటైపోయింది. ఆ రోజు నరేశ్ చెప్పింది విని తలుపేసి వచ్చాడు. జాబితా రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంటిపేరుతోని ఇమ్మన్నది నేనే గద. ముప్పయేండ్ల సంది కోర్టుల ఉంటున్న. నాకైన తట్టాలె గద."

రాజలింగం అక్కడే ఉన్నాడు. అతను ఈ తప్పొప్పుల జోలికి పోలేదు. జాబితా లాక్కుని, వేలితో వెతికి, చందుర్తి ముగ్గురి మీద టిక్కులు పెట్టాడు. "గీ ముగ్గురిది నేను జూస్కుంట. అండ్ల ఒకడు మా మేనల్లుని దోస్తు. మిగిలినయి వేరే లిస్టు పెడుదం."

"వేరే ఎందుకు లింగం?" అన్నాడు వకీలు. "మొదటిది తప్పు లిస్టు, వాపస్ తీసుకుంటున్నమని చెప్పి, మూడు వందల పన్నెండు మంది పేర్లతోని మొత్తం మళ్ల ఇద్దం. అందర్ల కలిసి పోతయి."

"మీరేం మాట్లాడుతున్నరు వకీల్ సాబ్! వాపస్ తీసుకుంటె అయిపోయిన కేసులు గూడ మళ్ల తెరుస్తరు. రెండు వందల అరవై తొమ్మిది ఇండ్లోళ్లు వచ్చి నా కాలర్ పట్టుకుంటరు. ఒక్కని కేసు మళ్ల లేసినా నేను ఊర్ల తిరుగొద్దా?" రాజలింగం కాసేపు ఊపిరి పీల్చుకుని గొంతు తగ్గించాడు. "వేరే లిస్టే మంచిది. పైన మైనారిటీ సోదరుల జాబితా అని పెద్దగ కొడుదం. ఉద్యమంల మనోళ్లు, వాళ్లు అంత ఒక్కటే అని చూపించినట్టయితది. కోరుట్ల మీటింగుల నేనే చెప్త. పని గూడ జల్దిన అయితది. ఏమంటవ్ నరేశూ?"

వకీలు కూడా నరేశ్ వైపు చూశాడు. మాట్లాడాల్సింది అప్పుడే. మొత్తం వెనక్కి తీసుకుందాం, మళ్లీ ఇద్దాం, తిరగదోడితే తిరగదోడనీ అని ఒక్క మాట అంటే సారయ్యకు బలం వచ్చేది. కానీ ఆ రెండు వందల అరవై తొమ్మిదిలో నరేశ్ పేరు ఉంది. అతని మీద కేసు పోయి పది రోజులు కూడా కాలేదు. హైదరాబాదులో ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నాడు, వాళ్లూ ఇలాంటి కాగితమే అడుగుతారు. మళ్లీ ఆ వ్యాను, ఆ వాయిదాలు కళ్ల ముందు తిరిగాయి. జల్దీ అవుతుందన్న ముక్కను పట్టుకుని, ఆదిల్ కోసమే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

"వేరేదే ఇద్దాం అన్నా. గడువు దగ్గర పడ్డది," అన్నాడు.

సారయ్య కళ్లద్దాలు పెట్టుకుని కోర్టు ఫైలు ఏదో తెరిచి చదవడం మొదలుపెట్టాడు. పక్కనున్న కంప్యూటర్లో నరేశే కూర్చుని నలభై పేర్లకూ పైన ఆ శీర్షిక కొట్టాడు. రాజలింగం పెద్దగా కొట్టమన్నాడు కాబట్టి అక్షరాల సైజు పెంచాడు.

అందరిలో కలిసి పోయి ఉంటే ఆ నలభై పేర్లను ఎవరూ ఆగి చదివేవాళ్లు కాదు. మొదటి జాబితాలో ఎంతమంది గంగయ్యలున్నారో ఎవరు ఆగి చూశారు గనక? ఒకే మతం వాళ్ల నలభై పేర్లు ఒకే కాగితం మీద, పైన లావుపాటి అక్షరాలతో వెళ్లేసరికి పై ఆఫీసులో ఎవరో ఆగారు. ఎవరు వీళ్లు, మొదటి జాబితాలో ఎందుకు లేరు, వేరేగా ఎందుకు ఇచ్చారు అని అడిగారు. అడగడం తప్పని కూడా అనలేం, కాగితం అలా ఉంది. సమగ్ర విచారణ జరపాలని రాసి ఠాణాలకు తిప్పి పంపించారు.

విచారణ అంటే ఇంటికి రావడం. నలభై ఇళ్లకూ వచ్చారు. బయటి దేశాల్లో చుట్టాలెవరున్నారు, ఇంటికి ఎవరెవరు వచ్చిపోతుంటారు, ఏ ఊళ్లలో తిరుగుతావు అని అడిగి రాసుకున్నారు. కహకషాన్‌ను బీడీల చాట ముందు నుంచి లేపి, ఫోను తీసుకుని అందులో నంబర్లన్నీ చూశారు. వాళ్లింట్లో అద్దెకున్నవాళ్లు వారం తిరక్కుండా ఖాళీ చేశారు. ఆదిల్ షోలాపూరు, భీవండి వెళ్లొస్తుంటాడని విని, ఏడేళ్లలో ఎక్కడెక్కడ ఆగాడో రాసిమ్మన్నారు. లాఠీ దెబ్బలు తిన్న రోజు కూడా ఆ ఇంట్లో ఎవరూ తల దించుకోలేదు. పక్కింటివాళ్లు చూస్తుండగా మహమూద్ వెల్డింగు షాపు ముందు జీపు ఆగిన రోజు దించుకున్నారు.

చందుర్తి ముగ్గురి కేసులు నాలుగు రోజుల్లో పోయాయి.

ఏప్రిల్ పది వచ్చింది, పోయింది. విచారణ ముగిసేదాకా కాగితం ఇవ్వలేమన్నారు. డిపోలో ఆదిల్ తర్వాతి నంబరువాడిని పిలిచి బండి అప్పగించారు.

పదమూడో తారీఖు పొద్దున నరేశ్ కోరుట్ల వెళ్లాడు. వెల్డింగు షాపు వెనకే ఇల్లు. మహమూద్ షాపు తెరవలేదు. ఆదిల్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నరేశ్‌ను చూడగానే జరిగి చోటిచ్చాడు.

"మంచిగైంది అచ్చినవ్. మాపటికి మీటింగున్నది. రాజలింగం మాట్లాడుతడట, మైనారిటీ సోదరులని," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అందరి ముందట వాని చేతిలకెల్లి మైకు గుంజుకుంట. నువ్వే మా పేర్లు తీసేసినవ్, చందుర్తోళ్లయి చేపిచ్చుకున్నవ్, మమ్ముల పోలీసోళ్లకు పట్టిచ్చినవ్ అని మొకం మీదనే అడుగుత. యాకూబ్, జహీర్ గూడ వస్తున్నరు. నువ్వు గూడ నిలబడాలె. లిస్టు చేసింది నువ్వే గాబట్టి, మొదలు అందుల మా పేర్లు ఉండెనని సాక్ష్యం చెప్పు. అమ్మీ గూడ అదే అంటున్నది. నరేశ్ రాసిండు, వాడు కొట్టేసిండు అని."

ఊరుకుంటే చాలు. రాజలింగం అంత అమాయకుడేమీ కాదు, ఆ నిందకు తగినవాడే. ఊళ్లో సగం మంది నమ్ముతారు. నరేశ్ బస్సులో వచ్చేటప్పుడు ఇవన్నీ ఆలోచించుకునే వచ్చాడు. కానీ ఆదిల్ చోటిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాక నోరు ఊరుకోలేదు.

"రాజలింగం గాదురా. నేను."

ఆదిల్‌కు అర్థం కాలేదు. నరేశ్ చెప్పాడు. ఫైలు సంగతి, దారి సంగతి, చివర పెట్టిన షరతు సంగతి. జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసి చూపించాడు.

"ఇంటిపేరు ఉన్నోళ్లనే తెమ్మన్నవా?" అన్నాడు ఆదిల్.

"ఆ."

"మాకు ఉండదని నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

"యాదికి రాలే."

మంచం కిర్రుమంది. ఆదిల్ లేవలేదు, కొంచెం పక్కకు జరిగాడంతే. నరేశ్ మిగిలింది కూడా చెప్పేశాడు. "వేరే లిస్టు వద్దు, మొత్తం మళ్ల ఇద్దమని వకీల్ సాబ్ అన్నడు. నా కేసు మళ్ల లేస్తదని నేను మాట్లాడలే. పైన హెడ్డింగు గూడ నేనే కొట్టిన."

"గది నాకు సమజైతది," అన్నాడు ఆదిల్. "ఎవని భయం వానికుంటది. నేనున్నా గట్లనే చేద్దునేమో." నేల మీది పుల్లను కాలితో పక్కకు నెట్టాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం కూడా లేదు. "ముందటిదే సమజైతలేదు. రాజలింగం పగబట్టి తీసేసిండనుకున్న. గట్ల అనుకుంటె పానానికి జర నిమ్మలముండె. పగబట్టిండంటె నన్ను చూసిండన్నట్టు గద. చూసి, వద్దనుకుని, కొట్టేసిండు. నువ్వు చూడనే లేదు. ఎనిమిదేండ్లు నా పక్కపొంటి కూసోని తిని, నన్ను చూడనే లేదు. వానితోనయితె కొట్లాడుదు. నీతోని ఏమని కొట్లాడాలెరా?"

నరేశ్‌కు తిట్టరా, కొట్టరా అని అడుక్కోవాలనిపించింది. అది కూడా తన కోసమే అడగడం అవుతుందని తెలిసి ఊరుకున్నాడు.

లోపల గిన్నెల చప్పుడైంది. ఆదిల్ గొంతు బాగా తగ్గించాడు. "అమ్మీకి చెప్పకు. ఆమె చేసే దువాల నీ పేరు గూడ ఉంటది. అండ్లకెల్లి నేను తియ్య."

"మరి మీటింగు?"

"ఏం మీటింగు. నేను పోను."

ఆదిల్ తల్లి మహమూదా బేగం చాయ్ పట్టుకుని బయటికొచ్చింది. నాలుగు రోజుల్లో మనిషి సగమైంది. అయినా నరేశ్‌ను చూసి ఆమె మొహం విప్పారింది. కప్పు అతని చేతికే ఇచ్చి, తలమీద చెయ్యి పెట్టింది.

"తాగు బేటా, సల్లారిపోతది. జీపొచ్చిన కాన్నించి మా గడప తొక్కినోడు లేడు. అందరు మమ్ముల ఇడిసిపెట్టిన్రు. మా పోరని పేరు రాసినోనివి నువ్వొక్కనివే."

నరేశ్ ఆదిల్ వైపు చూశాడు. ఆదిల్ వీధిలోకి చూస్తున్నాడు. ఆమె వెళ్లకుండా కప్పు కోసం అక్కడే నిలబడింది. నరేశ్ చాయ్ మొత్తం తాగి కప్పు ఆమెకిచ్చాడు.